ఓడదొంగ చేతిలో డైరీ: విలియం డాంపియర్‌ను ఎలా చదవాలి?

2025 జులైలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని మురుజుగ ప్రాంతం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడి ఎర్రబండల మీద ఆదివాసులు వేల ఏళ్ళుగా చెక్కుతూ వచ్చిన బొమ్మలు పది లక్షలకు పైగా ఉంటాయని అంచనా. వార్త చదివి మ్యాప్ తెరిచి చూస్తే మాత్రం ఆ చోటి చుట్టూ మరో పేరు కనిపిస్తుంది. దీవుల గుంపు పేరు డాంపియర్ ద్వీపసమూహం. రేవు పట్టణం పేరు కూడా డాంపియరే.

ఎవరీ డాంపియర్ అని వెతికితే రెండు జవాబులు దొరుకుతాయి. ఒకటి, పదిహేడో శతాబ్దపు ఓడదొంగ. రెండోది, డార్విన్ కంటే నూటయాభై ఏళ్ళ ముందే ప్రపంచమంతా తిరిగి మొక్కల్నీ జంతువుల్నీ గాలుల్నీ వర్ణించిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు. రెండూ నిజమే. చాలామందికి చిక్కు వచ్చేది ఇక్కడే: ఇవి ఒక్క మనిషిలో ఎలా ఇమిడాయి? ఒక దొంగ రాసిన రాతల్ని ఎంతవరకు నమ్మాలి? అతను రాసిన ఒక్కో సంగతినీ ఎంత దగ్గరగా, ఎంతకాలం చూసి రాశాడో పట్టుకుంటూ వెళితే ఈ చిక్కు చాలావరకు విడిపోతుందని నాకు అనిపిస్తుంది.

ఒకే పని, మూడు పేర్లు

ముందు మాటల సంగతి చూద్దాం. ఎవరి అనుమతీ లేకుండా సముద్రం మీద ఓడల్ని దోచేవాడు ఓడదొంగ. పట్టుబడితే ఉరి. ప్రైవేటీర్ అంటే యుద్ధకాలంలో తన రాజు దగ్గర అనుమతి పత్రం తీసుకుని, శత్రుదేశపు ఓడల్ని పట్టుకునే ప్రైవేటు ఓడవాడు. తెచ్చిన సొత్తుకు కోర్టులో లెక్క చూపించాలి. ఆ తర్వాత పెట్టుబడి పెట్టినవాళ్ళూ ఓడలో పనిచేసినవాళ్ళూ పంచుకోవచ్చు.

బకనీర్ అన్నది కరీబియన్ ప్రాంతపు మాట. హిస్పానియోలా దీవిలో అడవి పశువుల్ని వేటాడి, మాంసాన్ని కర్రల తడిక మీద పొగబెట్టి అమ్ముకునేవాళ్ళకు మొదట ఆ పేరు వచ్చింది. తర్వాత వాళ్ళలో చాలామంది స్పెయిన్ ఓడల మీదా, తీరపు ఊళ్ళ మీదా పడి బతకడం మొదలుపెట్టారు.

ఈ తేడా డాంపియర్ జీవితంలోనే కనిపిస్తుంది. ఇంగ్లండ్, స్పెయిన్ 1670లో మాడ్రిడ్‌లో శాంతి ఒప్పందం చేసుకున్నాయి. కాబట్టి 1680లలో డాంపియర్ ఉన్న ముఠాలు స్పానిష్ ఓడల్ని దోచడం చట్టం దృష్టిలో దొంగతనం. 1709 డిసెంబరులో, మళ్ళీ యుద్ధం నడుస్తున్నప్పుడు, అతను దారి చూపే పైలట్‌గా ఉన్న ఓడలు కాలిఫోర్నియా దగ్గర మనీలా నుంచి వస్తున్న స్పానిష్ ఓడను పట్టుకున్నాయి. ఈసారి అనుమతి పత్రం ఉంది. ఆ ప్రయాణంలో దొరికిన సొత్తు విలువ దాదాపు లక్షన్నర పౌండ్లు. దాన్ని చట్టబద్ధంగానే అమ్మి పంచుకున్నారు. మనిషి అతనే, పసిఫిక్ సముద్రం అదే, దోచింది స్పెయిన్ ఓడనే. మారింది కాగితం ఒక్కటే.

ఇందువల్ల 1680లలో అతను చేసినది చిన్న తప్పయిపోదు. ఆ దాడుల్లో ఊళ్ళు తగలబడ్డాయి, మనుషులు చచ్చిపోయారు.

మట్టి తెలిసిన పిల్లవాడు

డాంపియర్ 1651లో ఇంగ్లండ్‌లోని సోమర్సెట్ ప్రాంతంలో, ఈస్ట్ కోకర్ అనే పల్లెలో కౌలు రైతుల ఇంట పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. ఊళ్ళో ఏ పొలంలో ఏ రకం మట్టి ఉంది, ఏ మట్టిలో ఏ పంట పండుతుంది అన్నది తనకు ఆ వయసులోనే తెలుసని తర్వాత రాసుకున్నాడు. ఈ చిన్న మాట నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. ఏ దీవిలో దిగినా అతను ముందు మట్టి రంగు, చెట్టు బెరడు, నీటి ఊట చూస్తాడు. ఆ చూపు పుస్తకాల్లో నేర్చుకున్నది కాదు, రైతు బిడ్డకు ఉండే చూపు.

ఓడ పనిలో చేరి న్యూఫౌండ్‌లాండ్ చలి చూశాడు, జావా ఎండ చూశాడు. 1673లో డచ్చివాళ్ళతో జరిగిన యుద్ధంలో నావికుడిగా ఉండి జబ్బుపడ్డాడు. తర్వాత జమైకా తోటల్లో కొన్నాళ్ళు, మెక్సికో తీరంలోని కాంపెచీ దగ్గర అద్దకం రంగునిచ్చే చెట్లు నరికే పనిలో కొన్నాళ్ళు గడిపాడు. 1676 జూన్‌లో పెద్ద తుఫాను వచ్చి ఆ కలపవాళ్ళ మకాముల్ని ఊడ్చుకుపోయింది. ఇంగ్లండ్ వెళ్ళి, జుడిత్ అనే ఆమెను పెళ్ళి చేసుకుని, ఏడాది తిరగకుండానే మళ్ళీ జమైకా వచ్చి బకనీర్లలో కలిశాడు. ఆమె మళ్ళీ భర్తను చూసేసరికి పన్నెండేళ్ళు గడిచాయి.

వెదురు గొట్టంలో కాగితాలు

1681లో ఒక ముఠా నుంచి విడిపోయి డాంపియర్, మరికొందరు కాలినడకన పనామా భూసంధి దాటారు. వానాకాలం. పొంగే ఏళ్ళు, దారి లేని అడవి. అలాంటి నడకలో కూడా అతను డైరీని వదల్లేదు. పెద్ద వెదురు గొట్టంలో కాగితాలు పెట్టి, రెండు వైపులా మైనంతో బిగించాడు. ఏరు ఈదినా కాగితం తడవలేదు. మిగతావాళ్ళు బంగారం, వెండి మోసుకెళ్ళే దారిలో ఇతను రాతలు మోసుకెళ్ళాడు.

ఓడలో అతనిది పెద్ద హోదా కాదు. ముఠా ఎటు వెళ్ళాలో తేల్చేది కెప్టెన్లూ ఓట్లూ. డాంపియర్ ఒక ఓడ నుంచి మరో ఓడకు మారుతూ, ఎవరు కొత్త సముద్రంలోకి వెళితే వాళ్ళతో వెళ్ళాడు. దోపిడి కంటే కొత్త చోట్లు చూడాలన్న కోరికే తనను తిప్పిందని చెప్పుకున్నాడు. ఈ మాటను పూర్తిగా నమ్మక్కర్లేదు. పుస్తకం అచ్చయ్యేసరికి అతను లండన్ పెద్దమనుషుల మెప్పు కోరుకుంటున్నాడు కదా. కానీ డబ్బు మాత్రమే కావాల్సినవాడు పన్నెండేళ్ళ పాటు గాలి ఎటు వీచిందో రోజూ రాసిపెట్టుకోడు.

1684లో గాలపగోస్ దీవుల్లో దిగినప్పుడు పెద్ద తాబేళ్ళను వర్ణించాడు, సముద్రపు తాబేళ్ళను రకాలుగా విడదీశాడు. అవి గుడ్లు పెట్టడానికి తాము మేసే చోటు వదిలి చాలా దూరం ప్రయాణిస్తాయని గుర్తించాడు. అక్కడి గువ్వలు మనిషిని చూసి బెదరవనీ, ఒక్క పొద్దులో డజన్ల కొద్దీ కొట్టవచ్చనీ రాశాడు. తర్వాత అదే దీవులకు వెళ్ళిన డార్విన్, పక్షులకు భయం ఎలా అలవడుతుందో చర్చిస్తూ డాంపియర్ చెప్పిన ఈ సంగతినే సాక్ష్యంగా తీసుకున్నాడు.

గాలి లెక్కలు, ఆకలి లెక్కలు

డాంపియర్ రాతల్లో అన్నిటికంటే గట్టిగా నిలిచినవి గాలుల గురించి రాసినవి. ఎందుకో తెలియాలంటే 1686 నాటి ఒక ప్రయాణం చూడాలి.

ఆ ఏడాది మార్చి 31న సిగ్నెట్ అనే ఓడ, మరో చిన్న ఓడ మెక్సికో తీరం నుంచి పసిఫిక్ దాటి గువామ్ దీవికి బయల్దేరాయి. దూరం ఎంతో ఇంగ్లిషు, స్పానిష్ పుస్తకాలు ఒక్కొక్కటి ఒక్కోలా చెప్పాయి. ఓడలో ఉన్న మొక్కజొన్న అరవై రోజులకు కూడా చాలదు. మనిషికి రోజుకు కొన్ని గరిటెల ఉడికిన మొక్కజొన్న, అంతే. డాంపియర్ రోజూ దిక్కు, వేగం, గాలి రాసి పట్టిక వేశాడు. 51 రోజుల్లో గువామ్ కనిపించేసరికి అతని లెక్క 7,300 మైళ్ళు దాటింది. అంటే రోజుకు సగటున 143 మైళ్ళు. మిగిలిన తిండి మూడు రోజులకు సరిపడా.

తిండి అయిపోతే ముందు సిగ్నెట్ కెప్టెన్ స్వాన్‌ను, తర్వాత ఈ ప్రయాణానికి ఒప్పుకున్న మిగతావాళ్ళను చంపి తినాలని నావికులు అనుకున్నట్టు తర్వాత బయటపడింది. స్వాన్ లావుపాటి మనిషి. బక్కగా ఉన్న డాంపియర్‌తో, "నిన్ను తింటే వాళ్ళకు ఏం సరిపోయేది" అన్నాడట. ఇలాంటి ఓడలో దూరం లెక్క తప్పితే ప్రాణం పోతుంది. గాలి గురించి రాసిన ప్రతి వాక్యం వెనకా ఈ టెన్షన్ ఉంది. అందుకే ఆ లెక్కలు అంత శ్రద్ధగా ఉంటాయి.

1687 జులైలో చైనా తీరం దగ్గర టైఫూన్‌లో చిక్కుకున్నాడు. పదకొండేళ్ళ కిందట కాంపెచీలో చూసిన హరికేన్ గుర్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, పేరులో తప్ప వీటి మధ్య తనకు తేడా కనిపించడం లేదని రాశాడు. నేటి వాతావరణ శాస్త్రం చెప్పేదీ అదే. అట్లాంటిక్‌లో హరికేన్, పశ్చిమ పసిఫిక్‌లో టైఫూన్, బంగాళాఖాతంలో మనం తుఫాను అనేది, అన్నీ ఒకే జాతి సుడిగాలులు. ఉపగ్రహాలు లేవు, పైనుంచి చూసే వీలు లేదు. రెండు సముద్రాల్లో రెండు తుఫానుల్ని ఒంటిమీద భరించిన మనిషికే ఆ పోలిక తట్టింది. 1699లో అచ్చయిన అతని గాలుల వ్యాసాన్ని తర్వాతి తరాల నావికులు చాలాకాలం వాడుకున్నారు.

మామిడి ఆచారు నుంచి గంజాయి దాకా

ఆకలి తెలిసినవాడు కాబట్టి తిండి గురించి కూడా డాంపియర్ చాలా శ్రద్ధగా రాశాడు. ఇప్పుడు వియత్నాంలో భాగమైన పూలో కొండోర్ దీవిలో మామిడికాయను చూశాడు. పచ్చికాయను రెండు ముక్కలుగా కోసి, ఉప్పు, వెనిగర్, వెల్లుల్లి రెబ్బలు వేసి ఊరబెడతారనీ, దాన్ని మ్యాంగో ఆచార్ అంటారనీ రాశాడు. ఆచార్ అంటే సాస్ అయి ఉండాలని ఊహించాడు. ఆ చిన్న పొరపాటును తెలుగువాళ్ళం వెంటనే పట్టేస్తాం. మాట అర్థం తెలియకపోయినా చేసే పద్ధతి మాత్రం సరిగ్గా చూశాడు.

పనామా తీరపు దీవుల్లో అవకాడో గుజ్జును పంచదార, నిమ్మరసం కలిపి తినడం వర్ణించాడు. గువామ్‌లో బ్రెడ్‌ఫ్రూట్ కాయను కాల్చి, మాడిన తొక్క తీస్తే లోపల రొట్టెలా తెల్లగా మెత్తగా ఉంటుందని రాశాడు. సుమత్రాలోని ఆచేలో గంజాయి గురించి రాస్తూ, అది ఒకరికి నిద్ర తెస్తుంది, ఒకరిని నవ్విస్తుంది, ఒకరిని పిచ్చివాణ్ణి చేస్తుంది అన్నాడు. అవకాడో, బార్బెక్యూ, చాప్‌స్టిక్స్ వంటి మాటలు ఇంగ్లిషు పాఠకులకు అలవాటు కావడంలో ఇతని పుస్తకాలది పెద్ద పాత్ర.

ఫ్లెమింగో దగ్గర జరిగిన పొరపాటు

ప్రతిదీ సరిగ్గా చూశాడనుకుంటే మాత్రం మోసపోతాం. మన పులికాట్ సరస్సుకు వచ్చే ఫ్లెమింగో జాతినే అతను 1683లో ఆఫ్రికా పక్కనున్న కేప్ వెర్డీ దీవుల్లో చూశాడు. ఆ పక్షి లోతు లేని నీళ్ళలో బురదను పోగుచేసి, కింద వెడల్పుగా, పైకి సన్నగా దిబ్బలా కట్టి, పైన చిన్న గుంటలో గుడ్లు పెడుతుందన్నాడు. ఇది అక్షరాలా నిజం. కాళ్ళు అంత పొడుగు కాబట్టి గూడు మీద కూర్చోలేదనీ, పక్కన నీళ్ళలో నిలబడే వెనుకభాగాన్ని గూటికి ఆనించి పొదుగుతుందనీ కూడా అన్నాడు. ఇది తప్పు. ఫ్లెమింగో కాళ్ళు మడుచుకుని గూటి మీదే కూర్చుంటుంది. ఈ తప్పు దాదాపు రెండు వందల ఏళ్ళు పుస్తకాల్లో తిరిగి, 1880లలో స్పెయిన్ చిత్తడి నేలల్లో పక్షుల్ని దగ్గరగా చూశాకే పోయింది.

కదలకుండా ఉండే గూటిని చూసి రాసినది నిలిచింది. పక్షి ప్రవర్తన గురించి ఊహతో చేర్చినది కూలింది. మనుషుల విషయానికి వచ్చేసరికి ఇదే లోపం మరింత నష్టం చేసింది.

ఆస్ట్రేలియా తీరంలో చూపు తప్పిన చోటు

1688 జనవరిలో సిగ్నెట్ ఓడ ఆస్ట్రేలియా వాయవ్య తీరంలో ఆగింది. దాదాపు రెండు నెలలు అక్కడే ఉన్నారు. ఆస్ట్రేలియాను కనిపెట్టింది ఇంగ్లిషు నావికుడు జేమ్స్ కుక్ అనాలా, డాంపియర్ అనాలా అని అడిగేవాళ్ళున్నారు. ఇద్దరూ కాదు. డచ్చి నావికులు 1606 నుంచే ఆ తీరాలు చూశారు. ఆదివాసులు పదుల వేల ఏళ్ళుగా అక్కడే ఉన్నారు. కుక్ తూర్పు తీరానికి వచ్చింది 1770లో. డాంపియర్ చేసిందల్లా ఆ నేల గురించీ మనుషుల గురించీ ఇంగ్లిషులో తొలిసారి వివరంగా రాయడం.

ఆ రాతలో, 1697లో అచ్చయిన పుస్తకంలో, అక్కడివాళ్ళు ప్రపంచంలోకెల్లా దీనమైన మనుషులు అన్నాడు. ఇళ్ళు లేవు, బట్టలు లేవు, పంటలు లేవు అని జాబితా వేశాడు. కానీ అదే పేజీల్లో ఇంకేం రాశాడో చూడండి. వాళ్ళు సముద్రపు పాయలకు అడ్డంగా రాళ్ళు పేర్చి, ఆటు వచ్చినప్పుడు చిక్కిన చేపల్ని పట్టుకుంటారు. దొరికింది కొంచెమైనా ఎక్కువైనా, రాలేని ముసలివాళ్ళతో సహా అందరికీ వాటా ఉంటుంది. ఆటుపోట్ల లెక్క తెలిసిన పనితనాన్నీ, ఎవరినీ ఆకలితో వదలని ఏర్పాటునూ కళ్ళతో చూసి రాసిన మనిషి, తీర్పు దగ్గరకొచ్చేసరికి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మరో సంఘటన ఇంకా స్పష్టంగా ఉంటుంది. పాత బట్టలు ఇచ్చి, వాళ్ళచేత నీటి పీపాలు మోయించాలని నావికులు చూశారు. వాళ్ళు కదల్లేదు. కాసేపటికి ఆ బట్టలు విప్పి కింద పెట్టేశారు. డాంపియర్ దీన్ని చేతకానితనంగా చదివాడు. పరాయివాడి బరువు మోయడానికి ఇష్టం లేదన్న మాట వాళ్ళు అంతకంటే తేటగా ఎలా చెప్పగలరు?

ఆ పుస్తకానికి చేతిరాత ప్రతి ఒకటి మిగిలి ఉంది. అందులో ఈ వర్ణన అచ్చు పుస్తకంలో ఉన్నంత కఠినంగా లేదు. మధ్యలో ఏమైందన్న దాని మీద రెండు వాదనలున్నాయి. లండన్ పాఠకులకు రుచించేలా మరొకరి చెయ్యి పడిందని కొందరంటారు. పేరు అతనిది, అచ్చుకు ఒప్పుకున్నదీ అతనే, కాబట్టి బాధ్యత కూడా అతనిదే అని మరికొందరంటారు. నాకు రెండో వాదనే న్యాయంగా అనిపిస్తుంది. ఆ ఒక్క వాక్యం చాలా దూరం ప్రయాణించింది. కుక్, అతనితో వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు బ్యాంక్స్ డాంపియర్‌ను చదువుకునే వచ్చారు. కొందరికి వీళ్ళు అత్యంత దీనులుగా కనిపించవచ్చు గానీ, నిజానికి యూరపువాళ్ళ కంటే చాలా సంతోషంగా ఉన్నారని కుక్ తన డైరీలో రాసుకున్నాడు.

మద్రాసులో కలిసిన జియోలీ

1688 మే నెలలో డాంపియర్ నికోబార్ దీవుల్లో ముఠాను వదిలేశాడు. చిన్న పడవలో ఆచేకు వెళుతుండగా తుఫాను పట్టుకుంది. తాను గడిపిన బతుకు తలుచుకుని పశ్చాత్తాపపడింది ఆ రాత్రే. అక్కడి నుంచి టోంకిన్ (ఇప్పటి ఉత్తర వియత్నాం), మలక్కా తిరిగి 1690లో కోరమండల్ తీరానికి, మద్రాసు సెయింట్ జార్జి కోటకు వచ్చాడు. సముద్రం మీంచి చూస్తే ఆ ఊరు ఎంత అందంగా ఉందో ముచ్చటపడి రాశాడు.

జియోలీ అతనికి పరిచయమైంది అక్కడే. ఇప్పటి ఇండోనేషియాలోని మియాంగస్ దీవి మనిషి. ఒళ్ళంతా పచ్చబొట్లు. పట్టుబడి, ఫిలిప్పీన్స్‌లోని మిందనావోలో బానిసగా అమ్ముడుపోయి, మూడీ అనే ఇంగ్లిషు వర్తకుడి చేతికి వచ్చాడు. వెంట అతని తల్లి కూడా ఉంది. డాంపియర్ మూడీతో కలిసి సుమత్రాలోని బెంకూలెన్‌కు వెళ్ళి, అక్కడి కోటలో తుపాకీల పనిలో ఉన్నాడు. జియోలీ మీద సగం హక్కు డాంపియర్‌కు దక్కింది. బెంకూలెన్‌లో తల్లి చనిపోయినప్పుడు జియోలీ ఆమె బట్టలన్నీ ఒంటికి చుట్టుకున్నాడని రాసింది డాంపియరే. అంత దగ్గరగా చూశాడు, అంత జాలిగా రాశాడు. 1691లో లండన్ చేరాక, చేతిలో డబ్బుల్లేక అదే మనిషిని అమ్మేశాడు.

కొన్నవాళ్ళు అతన్ని రాజకుమారుడని చెప్పి డబ్బులకు చూపించారు. ఆ పచ్చబొట్లకు పాములు దగ్గరికి రావని కరపత్రం అచ్చేశారు. పాములన్నా తేళ్ళన్నా తనకెంత భయమో జియోలీకీ అంతే భయమని డాంపియర్ పుస్తకంలో ఖండించాడు. అప్పటికి జియోలీ లేడు. ఆక్స్‌ఫర్డ్‌లో మశూచితో పోయాడు. డాంపియర్ మీద వచ్చే ఏ పొగడ్త చదివినా నాకు ముందు గుర్తొచ్చేది ఈ మనిషే.

కెప్టెన్‌గా ఓటమి, సేకరణలో గెలుపు

1697 నాటి పుస్తకం బాగా అమ్ముడైంది. లండన్‌లోని శాస్త్రజ్ఞుల సంఘమైన రాయల్ సొసైటీ పెద్దల పరిచయం దొరికింది. వాళ్ళలో ఒకడైన హాన్స్ స్లోన్ అతని బొమ్మ కూడా గీయించాడు. నౌకాదళం రోబక్ అనే ఓడను అప్పగించింది. 1699 జనవరిలో బయల్దేరాడు. నౌకాదళపు లెఫ్టినెంట్ ఫిషర్‌కు పాత ఓడదొంగ కింద పనిచేయడం అవమానం. డాంపియర్‌కు తిరుగుబాటు భయం. మాటలు ముదిరి, ఫిషర్‌ను బెత్తంతో కొట్టి, సంకెళ్ళు వేసి, బ్రెజిల్‌లో జైలుకు అప్పగించాడు.

ఆ ఆగస్టులో పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో దిగాడు. ముందు కాళ్ళు పొట్టిగా ఉండి గెంతుతూ పోయే చిన్న జంతువును వర్ణించాడు, అది కంగారూ కుటుంబంలోనిది. ఒక సొరచేప కడుపులో దొరికిన తలను నీటిగుర్రం తల అనుకున్నాడు, అది బహుశా సముద్రపు ఆవుది. ఉత్తరానికి వెళుతూ, రోజ్‌మేరీలాంటి మొక్క కనిపించిన దీవికి ఆ పేరే పెట్టాడు. ఈ రోజు అతని పేరుతో ఉన్న దీవుల గుంపులోదే అది. రాతి చెక్కడాల మాట మాత్రం అతని రాతల్లో లేదు. ఇంకా ముందుకు వెళ్ళాక, నీళ్ళ కోసం వెతుకుతూ ఆదివాసులతో తగువు పడ్డారు. ఒక నావికుడి చెంపకు ఈటె తగిలింది, డాంపియర్ తుపాకీ కాల్చి ఒక మనిషిని గాయపరిచాడు. జరిగినదానికి బాధపడుతున్నానని రాశాడు.

న్యూ గినీ పక్కన మరో పెద్ద దీవి విడిగా ఉందని తేల్చి న్యూ బ్రిటన్ అని పేరు పెట్టాడు. తిరుగు దారిలో, 1701 ఫిబ్రవరిలో, పుచ్చిపోయిన రోబక్ అట్లాంటిక్ నడుమ అసెన్షన్ దీవి దగ్గర మునిగింది. మనుషులు ఒడ్డుకు చేరి, ఏప్రిల్‌లో వేరే ఓడలు వచ్చేదాకా తాబేళ్ళు, మేకలు తిని బతికారు. 1702లో సైనిక న్యాయస్థానం ఫిషర్ విషయంలో అతన్ని దోషిగా తేల్చింది. జీతమంతా జరిమానా కింద పోయింది, నౌకాదళంలో ఏ ఓడకూ కెప్టెన్‌గా పనికిరాడని తీర్పు. ఏడాది తిరక్కుండా, 1703 ఏప్రిల్‌లో, అదే మనిషి క్వీన్ ఆన్ చేతిని ముద్దాడి ప్రైవేటీర్ కెప్టెన్‌గా బయల్దేరాడు. స్పెయిన్‌తో యుద్ధం మొదలైంది మరి.

మొత్తం మూడుసార్లు భూమిని చుట్టి వచ్చాడు. అన్నిసార్లు చుట్టిన తొలి మనిషి అతనే అంటారు. 1715లో లండన్‌లో అప్పులతో చనిపోయాడు. చివరి ప్రయాణపు వాటా పూర్తిగా చేతికి రానేలేదు.

మునిగే ఓడలోంచి అతను ఒడ్డుకు చేర్చినవాటిలో ఎండబెట్టిన మొక్కలున్నాయి. ఆస్ట్రేలియావి రెండు డజన్ల దాకా ఇప్పటికీ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. ఎర్రటి రేకుల మధ్య నల్లని బొడిపె ఉండే ఎడారి బఠానీ పువ్వు వాటిలో ఒకటి. దానికి లోకంలో నిలిచిన పేరు స్టర్ట్ అనే మరో అన్వేషకుడిది, అతను దాన్ని చూసింది 1844లో. డాంపియర్ పేరు వేరే మొక్కల ప్రజాతికి దక్కింది, డాంపియెరా అని. సొరచేపలు తిని కడుపు నింపుకుని, తాగే నీళ్ళు దొరక్క వదిలి వెళ్ళిన తీరానికి అతను షార్క్ బే అని పేరు పెట్టాడు. అక్కడి మల్గనా ప్రజలు ఆ చోటిని గాథాగుడు అంటారు. రెండు నీళ్ళు అని దాని అర్థం.